వెళ్ళొస్తామని వెళ్ళని ఆపద్ధర్మ ప్రభుత్వానికి

గౌరవనీయులైన నెదర్లాండ్స్ ఆపద్ధర్మ మంత్రివర్గం వారికి, క్రాపు చెవులు దాటిన ఒక పన్ను చెల్లింపుదారుడు నమస్కరించి వ్రాయునది.

మొన్న 2021 డిసెంబర్ 18, శనివారం మధ్యాహ్నం మంగలి షాపు బయట మూడు గంటలు చలిలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరున్నారనగా ఐదయింది, మీ కరోనా రూలు ప్రకారం షట్టర్ పడింది. "మంగళవారం రండి" అన్నాడాయన. మంగళవారం క్షవరమేమిట్రా అని అమ్మ ఫోన్లో గొణిగింది. ఏడింటికి మీరు టీవీలోకొచ్చి జనవరి 14 దాకా అన్నీ బంద్ అన్నారు. అమ్మ మాటే నెగ్గింది.

జుట్టు సంగతి అలా ఉంచండి. మీరు 2021 జనవరి 15నే రాజీనామా చేశారు కదా, ఇంకా ఇక్కడే ఉన్నారేం?

పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేల కుటుంబాలకు మోసగాళ్ళని ముద్ర వేసి అప్పుల్లో ముంచినందుకు బాధ్యత వహించి దిగిపోయారు. సంతోషం. ఎనిమిదో రోజున కర్ఫ్యూ పెట్టారు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదటిసారి! మా చుట్టాలూ వెళ్ళొస్తామని చెప్పులేసుకుని గుమ్మంలో గంటసేపు మాట్లాడతారు. అక్కడ నిలబడి ఇంట్లోవాళ్ళని రాత్రి తొమ్మిది తర్వాత గడప దాటొద్దని మాత్రం అనరు.

మార్చి 17తో ఎన్నికలు ముగిశాయి. ఆ భత్యం బాగోతం బయటపెట్టినవారిలో ఒకరైన ఎంపీ ఓమ్ట్‌సిఖ్ట్‌కి "పదవి వేరేచోట" అన్న ప్రభుత్వ ఏర్పాటు చర్చల కాగితం కెమెరాకి చిక్కింది, ప్రధాని రుట్టె గారికేమో ఆయన గురించి మాట్లాడినట్టే గుర్తు లేదు. జూన్‌లో నైట్‌క్లబ్బులు తెరిచి, జూలైలో మూసి, సారీ చెప్పారు. సెప్టెంబర్‌లో అఫ్గానిస్తాన్ నుంచి మనుషుల తరలింపు వ్యవహారంలో విదేశాంగ మంత్రి కాగ్, రక్షణ మంత్రి బైలెవెల్డ్ తప్పుకున్నారు. రాజీనామా చేసిన మంత్రివర్గానికి రాజీనామా! చచ్చినవాడికి ఉరిశిక్ష వేసినట్టుంది.

సరే, కొత్తవాళ్ళొస్తారని ఓపిక పట్టాం. 273 రోజులు చర్చించి, డిసెంబర్ 15న ఒప్పందం బయటపెట్టారు. వీవీడీ, డీ66, సీడీఏ, క్రిస్టెన్‌యూనీ. అవే నాలుగు పార్టీలు! ప్రధాని రుట్టె గారే! చెప్పులేసుకున్న చుట్టం వెనక్కొచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. దీనికా తొమ్మిది నెలలు? భత్యం కేసులో నలిగిన తల్లులు ఇంకా పరిహారానికి ఎదురుచూస్తున్నారు. వాళ్ళ పేరు చెప్పి దిగారు, ఆ మాట గుర్తుందా అసలు? సిగ్గనిపించడం లేదా?

క్షమించాలి, కోపమొచ్చింది. జనవరిలో ప్రమాణం చేసి, రాజుగారితో మెట్ల మీద ఫోటో దిగుతారుగా. అప్పటిలోగా మీకు క్రాపు ఎవరు చేస్తారో కాస్త చెప్పండి, నేనూ వస్తాను.