ఒక బార్లీ గింజ తేడా

నేను ఆడదాన్నే. రుజువులున్నాయి. ఆధార్ కార్డులో అలాగే రాసుంది, రేషన్ కార్డు కూడా కాదనలేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఫ్రీ చేసిన స్త్రీ శక్తి పథకం మొదలైనప్పట్నుంచీ మా విశాఖ మద్దిలపాలెంలో సిటీ బస్సెక్కితే కండక్టరు ఒకసారి నా మొహం, ఒకసారి నా కార్డు చూసి జీరో టికెట్ కొట్టి చేతిలో పెడుతున్నాడు. ఇవాళ్టిదాకా ఏ కండక్టరూ "కాళ్ళు చూపించమ్మా" అని అడగలేదు.

అదే బస్సు జగదాంబలో దిగి చెప్పుల షాపులోకి అడుగు పెట్టానా, ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు అంతటితో సరి.

"ఏ సైజు మేడమ్?"

"ఎనిమిది."

కుర్రాడు నా మొహం చూడడు, కార్డు అడగడు. కిందికి చూస్తాడు. తరవాత మెట్లకేసి చూస్తాడు. "జెంట్స్ ఫస్ట్ ఫ్లోర్ మేడమ్."

వయసులో ఉన్నప్పుడు గొడవ పడేదాన్ని. ఇప్పుడు నలభై దాటాయి, విషయాన్ని శాస్త్రీయంగా చూడటం అలవాటైంది. మనం షాపులో చెప్పే నంబర్లు ఇంగ్లీషువాళ్ళు వదిలేసి వెళ్ళినవి. వాళ్ళ పాత లెక్కలో అంగుళానికి మూడు బార్లీ గింజలు. చెప్పు ఒక నంబరు పెరిగిందంటే పొడవు ఒక బార్లీ గింజ పెరిగినట్టు. అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. బార్లీ అంటే ఒంట్లో వేడి చేసినప్పుడు అమ్మ కాచి ఇచ్చే బార్లీయే, వేరే ఏదో కాదు. నేను తిరిగిన షాపుల్లో ఫ్యాన్సీ లేడీస్ సరుకు చాలావరకు ఏడుతో ఆగిపోతుంది. నాది ఎనిమిది. కాబట్టి ఆడజాతికీ నాకూ మధ్య దూరం ఒక్క బార్లీ గింజ. అదీ పొడుగ్గా పడుకోబెట్టి కొలిస్తే.

నిజం చెప్పొద్దూ, ఈ సూత్రం మొదట్లో నాకు భలే నచ్చింది. ఎందుకంటే దీని ప్రకారం మా ఆయన ఆడవాళ్ళలోకి వస్తారు. ఆయనది ఏడు. ఒక ఆదివారం పొద్దున్నే ఈ సంగతి విన్నవించి, "షాపులవాళ్ళ నిర్ణయం ప్రకారం ఇకనుంచి కాఫీ మీరు పెట్టాలండీ" అన్నాను. ఆయన పేపరు దించకుండా "అయితే గ్యాస్ బండ నువ్వు మార్చు" అన్నారు. గ్యాస్ బండ పదిహేనేళ్ళుగా నేనే మారుస్తున్నాను. ఆ ముక్క ఆయనకి ఇంకా తెలీదు.

మళ్ళీ షాపులోకి వద్దాం. పైకి వెళ్ళనని మొండికేస్తే రెండో అంకం మొదలవుతుంది. కుర్రాడు లోపలికెళ్ళి ఏడో నంబరు తెస్తాడు. చిన్న స్టూలు లాక్కుని ఎదురుగా కూచుని, మడమ వెనక స్టీలు చెంచా దూర్చి, సంచిలో పట్టని బొంతని మోకాలితో అదిమినట్టు నా పాదాన్ని అదుముతాడు. నాలుగు వేళ్ళు ఎలాగో లోపల సర్దుకుంటాయి. చిటికెన వేలు మాత్రం పట్టీ సందులోంచి బైటికొచ్చి, కాలేజీ టైములో బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాడిలా గాలి పీల్చుకుంటూ ఉంటుంది. మడమ వెనక అట్ట అయిపోతుంది కానీ నా కాలు అవదు. నేల మీద వాలుగా ఆనించిన అద్దంలో పాదం తప్ప మొహం కనపడదు. ఆ అద్దం కనిపెట్టినవాడు పుణ్యాత్ముడు. ఎదురు బెంచీ మీద ఐస్‌క్రీమ్ తింటున్న పాప "అమ్మా, ఆ ఆంటీ కాలు చూడు" అంటుంది. వాళ్ళమ్మ పాప నోరు మూసి, తను మాత్రం బాగానే చూస్తుంది.

"సాగుద్ది మేడమ్," అంటాడు కుర్రాడు.

ఈ ఒక్క మాట మీద మా ఊరి చెప్పుల వ్యాపారం నిలబడి ఉంది. గాజువాకలో సాగుద్ది, డాబా గార్డెన్స్‌లో సాగుద్ది. పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే తోలు కాని తోలు కూడా సాగుద్ది. ఒకసారి నమ్మి కొన్నాను. మూడో రోజు సాయంత్రం బీచ్ రోడ్డులో, కాళీమాత గుడి దాటాక, పట్టీ తన వల్ల కాదని తేల్చి చెప్పేసింది. రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని కుర్సురా దాకా నడిచి, దాని ముందు కూలబడ్డాను.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. ఐఎన్ఎస్ కుర్సురా అనేది 1969లో నౌకాదళంలో చేరిన జలాంతర్గామి. పొడవు 91 మీటర్ల పైనే. రిటైరయ్యాక దాన్ని సముద్రంలోంచి ఇసుక మీదికి లాక్కొచ్చి, కింద పునాది వేసి కూర్చోబెట్టి, 2002లో మ్యూజియం చేశారు. అప్పుడెవరూ దాన్ని చూసి "ఈ సైజు రాదండీ" అనలేదు. "కొంచెం ముక్కు లోపలికి లాక్కోండి, బీచ్ సాగుద్ది" అనీ అనలేదు. దాని కోసం ఊరే జరిగి చోటిచ్చింది. నా కాలు 26.5 సెంటీమీటర్లు. ఇనుముతో చేసుంటే ఈపాటికి నాక్కూడా టికెట్టు పెట్టి చూపించేవారు.

షాపు ఓనర్లని నేను నిందించను. ఒకాయన పాపం ఓపిగ్గా కూచోబెట్టి, టీ తెప్పించి మరీ చెప్పాడు. సరుకు విడిగా రాదట, సెట్టుగా వస్తుందట. "ఆరు జతల సెట్టమ్మా. నాలుగు ఒకటి, అయిదులు రెండు, ఆర్లు రెండు, ఏడు ఒకటి. ఎనిమిది తెమ్మంటే తెస్తాను. మళ్ళీ మీరొచ్చేదాకా దాని దుమ్ము ఎవరు తుడుస్తారు?" తయారీ వాళ్ళ బాధ ఇంకోటి. ప్రతి సైజుకీ వేరే లాస్టు, అంటే కాలి అచ్చు, కావాలి. సోలుకి వేరే మౌల్డు, పైభాగం కోయడానికి వేరే డై. నా ఒక్క కాలి కోసం అంత ఇనుము ఎవరు పోత పోయిస్తారు? ఎనిమిది ఎవరూ అడగరు కాబట్టి చెయ్యరు. లేదని తెలుసు కాబట్టి ఎవరూ అడగరు. టీ మాత్రం చాలా బాగుంది.

పోనీ దేశం నా కాళ్ళ గురించి పట్టించుకోలేదా అంటే, అదీ అనలేం. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలు కొలిచింది. మన పాదాలు తెల్లవాళ్ళ పాదాల కంటే వెడల్పని తేల్చింది. ఈ విషయం నా చిటికెన వేలికి ముందే తెలుసు, కానీ దాన్నెవరూ అడగలేదు. మన కాళ్ళకి మన కొలతలే ఉండాలని 'భా' అనే కొత్త పద్ధతి కూడా ప్రతిపాదించారు. సగటు ఆడమనిషి నాలుగు నుంచి ఆరు దాకా వేస్తుందట. ఆడపిల్ల పాదం 11వ ఏట జోరుగా పెరుగుతుందట. నా 11వ ఏట మా నాన్న, పెరిగే కాలు కదా అని రెండు నంబర్లు పెద్ద స్కూలు షూ కొని ముందు దూది కూరారు. జూన్‌లో కూరిన దూది దసరాకి తీసేశాం. సంక్రాంతికి షూ మా తమ్ముడికిచ్చేశాం.

సగటులో పుట్టినవాళ్ళూ అక్కడే ఉండిపోతారన్న గ్యారంటీ లేదు. కడుపుతో ఉన్నప్పుడు కీళ్ళు పట్టు సడలి, పాదం వంపు కిందికి దిగి, కాలు కాస్త సాగుతుంది. చాలామందికి కాన్పయ్యాక కూడా మళ్ళీ వెనక్కి రాదు. (ఇదొక్కటే నిజంగా సాగేది. షాపు కుర్రాడికి ఈ సంగతి చెప్పాలి.) మా పిన్ని పెళ్ళినాటికి ఆరు. పెద్దవాడు పుట్టాక ఏడు, రెండోది పుట్టాక ఎనిమిది. ఆవిడ పెళ్ళినాటి గోధుమరంగు హీల్స్ ఇప్పటికీ బీరువా మీద అట్టపెట్టెలో, నాఫ్తలీన్ ఉండతో సహా ఉన్నాయి. ఏటా దసరాకి దింపి, తుడిచి, కాలు పెట్టి చూసుకుని మళ్ళీ పైన పెడుతుంది. "సన్నబడితే పడతాయే" అంటుంది. పాదం సన్నబడటానికి ఏ డైటో ఆవిడకీ తెలీదు.

ఎనిమిదిలో అసలేమీ దొరకవని నేనంటే అబద్ధం. దొరుకుతాయి. డాక్టరు చెప్పులు దొరుకుతాయి. షుగరు పేషెంట్లకి రాసే ఎంసీఆర్ చెప్పులు ఏ సైజులోనైనా, రెండు రంగుల్లో దొరుకుతాయి: ముదురు గోధుమ, ఇంకాస్త ముదురు గోధుమ. ఏడు దాటిన ఆడమనిషికి ఎరుపు కనపడదనీ, పూస, జరీ, కుందన్ తగిలితే దద్దుర్లు వస్తాయనీ చెప్పులు గీసేవాళ్ళ నమ్మకం. నా పెళ్ళి రిసెప్షన్‌లో కుంకుమరంగు పట్టుచీర కింద నా కాళ్ళకి ఏమున్నాయో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. ఏమీ లేవు. మూడు గంటలు స్టేజీ మీద వట్టికాళ్ళతో నిలబడి నవ్వాను. ఆల్బమ్‌లో నా పాదాలున్న ఫోటో ఒక్కటి లేదు. సన్నికల్లు తొక్కించినప్పటిది ఉండాలి గానీ, మా అత్తయ్య కావాలనే వేయించలేదని నా అనుమానం.

చివరికి పోయినేడాది పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే తాతని పట్టుకున్నాను. పేపరు పరిచి, కాలు పెట్టమని, పెన్సిలు చుట్టూ తిప్పాడు. కాలు తీశాక గీతని కాసేపు చూసి, "బాబుకా అమ్మా?" అన్నాడు. నేను నా కాలు చూపించాను. ఇప్పుడే కదా నువ్వు గీసింది తాతా అన్నట్టు. "ఓహో, ఇదేనేటి" అని నవ్వి, ఇంకేమీ మాట్లాడకుండా చీలమండ చుట్టూ టేపు పెట్టాడు. పది రోజులన్నాడు, నెల పట్టింది. మెరూన్ పట్టీ, రాగిరంగు బకిలు, రెండంగుళాల మడమ. తొడిగి లేచి నిలబడితే ఎక్కడా ఏదీ సాగలేదు. ఆ పూట జగదాంబ నుంచి ఇంటిదాకా ఆటో ఎక్కలేదు.

నా చెప్పులకి ఒక సుఖం ఉండేది. గుడి బయట ఎక్కడ విడిచినా పోయేవి కావు. పక్కన విడిచిన అయిదులు, ఆర్లు మాయమయ్యేవి, నావి సింహద్వారం దగ్గర ఎవరికీ అక్కర్లేని ఇత్తడి గుండిగల్లా అలాగే ఉండేవి. ఆ ధైర్యంతోనే కార్తీక సోమవారం మా కాలనీ గుడి మెట్ల పక్కన కొత్త జత విడిచి లోపలికెళ్ళాను. దీపం పెట్టి వచ్చేసరికి లేవు.

వట్టికాళ్ళతో ఇంటికొస్తే మా ఆయన కంప్లైంట్ ఇద్దామన్నారు. వద్దన్నాను. "ఎవరో మగాడు ఎత్తుకుపోయుంటాడు, ఎనిమిదంటే సగం ఊరి సైజు" అన్నారు. రెండంగుళాల మడమ ఉందండీ అన్నాను. ఆయన ఆలోచించి పేపరు పైకెత్తుకున్నారు.

అంటే ఈ ఊళ్ళో ఇంకొకావిడ ఉంది. చూడగానే కాలు పెట్టి చూసుకుంది, పట్టింది, వదల్లేకపోయింది. అప్పట్నుంచి బీచ్ రోడ్డులో ఎదురొచ్చే ఆడవాళ్ళ మొహాలు చూడటం మానేసి కాళ్ళు చూస్తున్నాను. మెరూన్ పట్టీ, రాగి బకిలు. దొరికితే చెప్పులు అడగను. ఇన్నాళ్ళూ ఎక్కడ కొనుక్కుంటోందో అడుగుతాను.