బేరమాడనివ్వని కంపెనీ

అమెరికాలో 1930 ఫిబ్రవరిలో పుట్టి 1932 జూన్‌లో కన్నుమూసిన ‘హిట్ ఆఫ్ ద వీక్’ గ్రామఫోన్ రికార్డుల కంపెనీ ఎందుకు పోయిందంటే చరిత్రకారులు మాంద్యమనీ, రేడియో అనీ ఏవేవో చెబుతారు. పాపం, వాళ్లెవరూ పూర్ణా మార్కెట్లో వంకాయలు కొన్నవాళ్లు కాదు. అసలు కారణం తేల్చే భారం విశాఖవాసిగా నామీద పడింది.

1929లో షేర్ మార్కెట్ కుప్పకూలి జనం చేతిలో డబ్బాడని రోజులవి. మామూలు రికార్డు 75 సెంట్లు. వీళ్లేమో గోధుమరంగు దళసరి కాగితం మీద డ్యూరియం అనే, జిగురులాంటి గట్టిపడే రెసిన్ పూత పూసి, ఒకవైపే పాట పెట్టి, వారానికొకటి చొప్పున పేపర్లమ్మే బడ్డీల్లో 15 సెంట్లకు అమ్మారు. ఆ రెసిన్ కనిపెట్టింది కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరు. కిందపడినా పగలదు. జాజ్ సంగీత దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ అంతటివాడి బృందం కూడా దీనికి వాయించింది, కాకపోతే ‘హార్లెం హాట్ చాక్లెట్స్’ అనే మారుపేరుతో. చవక కొట్లోకి దూరేటప్పుడు తెలిసినవాళ్లు చూస్తారేమోనని మొహం చాటేయడం మనకొక్కరికే ఉన్న జబ్బు కాదన్నమాట.

అంతా బాగుంది గానీ, 15 సెంట్ల సరుకును 15 సెంట్లేనని చెప్పేశారు. ఇదేం వ్యాపారం? జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద కుర్రాడు చెప్పుల జత 600 అంటాడు. మనం 150 అంటాం. వాడు నవ్వుతాడు. మనం నాలుగడుగులు వేస్తాం. “రండమ్మా, రండి” అంటాడు. ఆర్థికశాస్త్రమంతా ఆ నాలుగడుగుల్లోనే ఉంది. 75 చెప్పి 15కి దిగొచ్చుంటే, కొన్నవాడు ఇంటికెళ్లి 60 సెంట్లు మిగిల్చానని పెళ్లాం దగ్గర మీసం మెలేసేవాడు. ఉన్న ధర ఉన్నట్టు చెబితే “ఏటి, ఇందులో ఏదో లోపముంది” అనుకోడూ?

లోపం నిజంగానే ఉంది. కాగితం కదా, రికార్డు ముడుచుకుపోయేది. మీద ఓ నాణెం పెడితే గానీ కుదురుగా పాడేది కాదు. అదే మన ఊళ్లోనైతే, ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతుంటే, ఆ రికార్డు సాయంత్రానికల్లా నూనెలో వేసిన అప్పడంలా చుట్టుకునేది. మీద పెట్టిన నాణెం ఎలాగూ పిల్లలు కొట్టేసేవాళ్లు.

1931లో కంపెనీ చేతులెత్తేస్తే ఒక యాడ్ ఏజెన్సీ కొనుక్కుంది. పాటను ఐదు నిమిషాలకు పెంచింది. అయినా లాభం లేకపోయింది. రేడియోలో పాట ఊరికే వస్తుంటే 15 సెంట్లు కూడా దోపిడీలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు ఫోన్లోనూ పాట ఊరికే వస్తుంది, మధ్యలో ప్రకటనలతో. నెలకింత కడితే అవి రావు. కానీ యాప్‌తో బేరమాడలేం కాబట్టి ఆత్మగౌరవం ఉన్నవాడెవడూ కట్టడు. మా కింది వాటా పెద్దాయన రోజూ ఘంటసాల పద్యాలు వింటారు. మొన్న రాగం సగంలో తెగిపోయి ఆనందపురం లేఅవుట్ ప్రకటన అందుకుంది. “డబ్బు కడితే ఈ గోల ఉండదు కదండీ” అన్నాను.

“ఉండవయ్యా” అని ఆయన సౌండు పెంచారు. “గజం ఎంతన్నాడు? ఆ నంబరు రాయి. మనం మాట్లాడితే తగ్గుతాడు.”