టవరూ, ఎర్ర బెలూనూ, మా పక్కింటాయన

అమెరికాలో ఊరి ప్లానింగ్ బోర్డు నుంచి ఇంటికి ఉత్తరం వచ్చిందంటే, దగ్గర్లో ఎవరో ఏదో కట్టబోతున్నారని అర్థం. మాకొచ్చిన ఉత్తరంలో ఉన్నది సెల్ టవర్. మా వీధి వెనకున్న ఖాళీ స్థలంలో, 120 అడుగుల ఎత్తున. అభ్యంతరాలుంటే హియరింగ్‌కి వచ్చి చెప్పుకోమన్నారు.

అభ్యంతరాలకి మా పక్కింటాయన దగ్గర ఎప్పుడూ కొరత లేదు. రేడియేషన్ మీద బోలెడు కాగితాలు ప్రింట్ చేసుకొచ్చాడు. మాట్లాడ్డానికి ఇచ్చింది మూడు నిమిషాలు. ‘ఆరోగ్యం’ అనే మాట పూర్తవకుండానే చైర్మన్ ఆపేశాడు. టవర్ ఫెడరల్ రేడియేషన్ పరిమితులకు లోబడి ఉంటే, ఆ కారణం చూపించి ఊరివాళ్లు దాన్ని కాదనకూడదట. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం అలా అంటోంది. ఎత్తెంత, హద్దుకి దూరమెంత, చూడ్డానికి ఎలా ఉంటుంది, ఇవైతే అడగొచ్చు. అంటే ఆరోగ్యం వాషింగ్టన్ సబ్జెక్టు, అందం ఊరి సబ్జెక్టు.

ఆయన కాగితాలు మడిచి, ఉన్నపళంగా అందం మీదికి దూకాడు. రాత్రంతా ఎర్ర లైటు వెలుగుతుంటే నిద్రపోయేదెలా అన్నాడు. మామూలుగా 200 అడుగులు దాటితేనే విమానాల కోసం లైటు పెట్టాల్సి వస్తుందని కంపెనీ లాయర్ వినయంగా చెప్పాడు. అందుకేనట, చాలా టవర్లు చెప్పుల ధరలాగా 199 దగ్గర ఆగిపోతాయి. పోనీ, విరిగి మీద పడితే? ఎత్తెంతో హద్దుకి అంత దూరం వదలాలన్నది మా ఊరి రూలు. వదిలారు. కొత్త టవర్ సంగతి 150 రోజుల్లో తేల్చాలని ఫెడరల్ గడువొకటి ఉంది కాబట్టి, వాయిదాలతో విసిగించే ఉపాయం కూడా పనిచేయదు.

ఇక మిగిలింది బెలూన్ టెస్ట్. టవర్ వచ్చే చోట పెద్ద ఎర్ర బెలూన్‌ని తాడు కట్టి సరిగ్గా అంత ఎత్తుకి వదులుతారు. ఎక్కడెక్కడి నుంచి కనిపిస్తుందో అందరూ చూసుకోవచ్చు. గాలి లేస్తే తాడు వాలిపోయి ఎత్తు తప్పుతుంది కనుక పొద్దున్నే పెడతారు. బోర్డు కాదంటే ఆ మాట రాతపూర్వకంగా, రికార్డులో ఉన్న ఆధారాలతో చెప్పాలి. కాబట్టి ఫొటోలు కావాలి. ప్రతి ఇంటి కిటికీలోంచి ఒకటి చొప్పున తీయించే బాధ్యత పక్కింటాయన నెత్తినేసుకున్నాడు. టవర్ వస్తే బాగుండునని నాకు లోలోపల ఉంది. వీధిలో శాంతి కోసం బయటికి అనలేదు.

ఆ రోజు బెలూన్ లేవగానే ఆయన ఫోన్ తీశాడు. ఇంట్లో సిగ్నల్ లేదు. పెరట్లోకి వెళ్లాడు, లేదు. చెత్తడబ్బా పక్కన ఒక గీత వచ్చింది. అక్కడే నిలబడి “హలో, హలో, బెలూన్! బెలూనండీ!” అని అరుస్తూంటే కాల్ కట్. మళ్లీ చేస్తే మళ్లీ కట్. ఒక్కావిడకి మాత్రం సగం మాట చేరింది. ఆవిడ బయటికొచ్చి కనిపించిన బెలూన్‌ని శ్రద్ధగా ఫొటో తీసింది. దాని మీద ‘5’ అంకె ఉంది. ఎవరి పిల్లాడి పుట్టినరోజో!

తర్వాతి హియరింగ్‌లో ఫొటోలేవని చైర్మన్ అడిగాడు. మా వాడు ఆవేశంగా లేచాడు. “ఎలా వస్తాయండీ? ఒక్కడికీ ఫోన్ కలిస్తేగా! మా వీధిలో సిగ్నల్ గతి ఇదీ!”

కంపెనీ లాయర్ మొహం వెలిగిపోయింది. ఇక్కడ కవరేజ్ లేదని నిరూపించడానికి అతను తెచ్చుకున్న రంగురంగుల మ్యాపులు బల్ల మీద అలాగే ఉన్నాయి. వాటిని పక్కకి జరిపి, “ఈయన వాంగ్మూలాన్ని రికార్డులో చేర్చవలసిందిగా కోరుతున్నాను” అన్నాడు. చేర్చారు.

టవర్ మంజూరైంది. మా గౌరవార్థం దాన్ని పైన్ చెట్టు వేషంలో కడతారట. చుట్టుపక్కల అసలు చెట్లన్నీ దీంట్లో సగం ఎత్తుంటే గొప్ప. పైగా 2012 నాటి ఇంకో చట్టం ప్రకారం, వేషం చెడకుండా ఉంటే, కట్టిన టవర్‌ని తర్వాత ఓ 20 అడుగుల దాకా పెంచుకుంటామన్నా బోర్డు కాదనడానికి లేదు. ఆ సంగతి నేనే చెప్పాను.

పక్కింటాయన కాసేపు లెక్కేసుకున్నాడు. “పెరుగుతుంది కూడానా? అయితే హద్దు దూరం చిన్నప్పటి ఎత్తుకి కొలిచారన్నమాట! నెక్స్ట్ హియరింగ్ ఎప్పుడండీ?”