ఎన్‌ఐసీయూలో అమ్మకూ ఒక మంచం వేయండి

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికి పసికందు చనిపోయినప్పుడు విచారణలు, సస్పెన్షన్లు, ఎలుకల వేట అన్నీ చూశాం. 2024 నవంబరులో ఝాన్సీ మెడికల్ కాలేజీలో ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ వార్డు) తగలబడినప్పుడూ దేశమంతా కదిలింది. కదలాల్సిందే. కానీ అవే వార్డుల్లో కంటికి కనిపించని క్రిములు తీసే ప్రాణాలకు పేపర్లో సింగిల్ కాలమ్ కూడా దక్కదు.

ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో పుట్టి, ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన 13 వేల మందికి పైగా శిశువులపై జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. నూటికి 14 మందికి సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్. ఎక్కువగా దొరికిన క్రిమి అసినెటోబ్యాక్టర్. దాని నమూనాల్లో 80 శాతానికి పైగా పలు రకాల యాంటీబయాటిక్స్‌కు లొంగనివే. మందు పనిచేయనప్పుడు క్రిమి బిడ్డ దాకా రాకుండా ఆపడం ఒక్కటే మిగులుతుంది.

దీనికి మన ఆసుపత్రులు కనిపెట్టిన ఉపాయం, తల్లిని బయట నిలబెట్టడం! బాలింత ఒక అంతస్తులో, బిడ్డ ఇంకో అంతస్తులో. లోపల ఒకే నర్సు ఈ వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పడక) నుంచి ఆ వార్మర్‌కు పరుగులు పెడుతూ ఒకరికి సూది, ఇంకొకరికి పాలు, మరొకరికి డైపర్ చూసుకోవాలి. ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకునే టైమ్ ఆమెకు ఎవరిచ్చారు?

తల్లిని లోపలికి తెస్తే ఏమవుతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించి చూసింది. మన దేశంతోపాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన మూడు వేల మందికి పైగా పిల్లలపై చేసిన ప్రయోగమిది. మన దగ్గర వేదిక ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. బిడ్డ కుదుటపడే దాకా ఆగకుండా, పుట్టిన వెంటనే గుండెలకు హత్తుకుని పడుకోబెట్టారు. తల్లికి ఎన్‌ఐసీయూలోనే మంచం వేశారు, కాన్పు తర్వాతి వైద్యం కూడా అక్కడే. 2021లో ఫలితాలు వచ్చాయి. మామూలు పద్ధతిలో 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం ఉంటే, ఈ పద్ధతిలో 12 శాతం. సెప్సిస్ కూడా తగ్గింది. మేలు స్పష్టంగా కనిపించడంతో ప్రయోగాన్నే ముందుగా ఆపేశారు. ఇందులో వింతేమీ లేదు. బిడ్డ ఒంటిమీదికి వార్డు క్రిములకు ముందే అమ్మ ఒంటి మీది సూక్ష్మజీవులు చేరతాయి, ముర్రుపాలు వేళకు అందుతాయి, పదిమంది చేతులు తగలవు.

'జనం పెరిగితే ఇన్ఫెక్షన్ పెరగదా?' అని డాక్టర్లు అంటారు. భయం అర్థం చేసుకోదగ్గదే. చుట్టాలందరినీ పంపమని ఎవరూ అనడం లేదు. చేతులు కడుక్కోవడం నేర్పి, గౌను వేసి పంపే ఒక్క తల్లి గురించే ఈ మాట. ఆమెకు కుదరకపోతే అమ్మమ్మో నాన్నో.

అసలు అడ్డంకి క్రిములు కాదు, బడ్జెట్లు రాసే తీరు. వెంటిలేటర్ కొంటే టెండరు ఉంటుంది, రిబ్బన్ కటింగ్ ఉంటుంది, శిలాఫలకం మీద పేరుంటుంది. రాత్రి డ్యూటీకి ఇంకో ఇద్దరు స్టాఫ్ నర్సులను వేస్తే ఫొటో ఎవరు దిగుతారు? అందుకే మెషిన్లు వస్తాయి, పోస్టులు ఖాళీగా ఉంటాయి, ఉన్నవాళ్లలోనూ చాలామంది కాంట్రాక్టు మీదే. బడి, పశువుల ఆసుపత్రి, గ్రంథాలయం, ఎక్కడ చూసినా ఇదే జబ్బు: గోడలకు డబ్బుంటుంది, మనుషులకు ఉండదు.

ఈసారి మీ జిల్లాకు కొత్త ఎన్‌ఐసీయూ ప్రారంభానికి మంత్రిగారు వస్తే, వార్మర్లు ఎన్నని అడక్కండి. తల్లులకు మంచాలెన్ని, రాత్రి రెండింటికి నర్సులెందరు అని అడగండి.