తెల్ల మార్బుల్, తెరిచిన అరలు, జనపనార తాడు: మన తీరంలో నిలవని ‘బీచ్ స్టైల్’ వంటగది

ఫోన్ నుంచి ఫోన్‌కి ఒక జాబితా తిరుగుతోంది. సముద్రతీరపు హాయి వంటింట్లోకి రావాలంటే ఏం చేయాలో చెప్పే జాబితా. గోడలూ కప్‌బోర్డులూ మొత్తం తెలుపు. పై కప్‌బోర్డులు పీకేసి ఓపెన్ షెల్ఫులు. తెల్ల మార్బుల్ గట్టు. స్టీలు హ్యాండిళ్లు, ఎందుకంటే ‘స్టెయిన్‌లెస్‌ని ఉప్పుగాలి ఏమీ చేయలేదు’. చెక్కపనికి ‘మెరైన్ ప్లై అయితే జీవితాంతం’. అలంకరణకు జనపనార తాళ్లు, చాపలు, గవ్వలు, పగడాలు. ఇదంతా ఒక శని, ఆదివారాల్లో అయిపోతుందట. కింద పెట్టే ఫొటోలు మాత్రం అమెరికా తూర్పు తీరపు ఇళ్లవి.

వెలుతురు నిండిన, బరువులేని, సహజమైన వస్తువులతో వంటగది ఉండాలన్న కోరిక మంచిదే. కానీ విశాఖలోనో కాకినాడలోనో మచిలీపట్నంలోనో సముద్రానికి దగ్గరగా ఇల్లున్నవాళ్లు ఈ జాబితాను మేస్త్రీకి చూపించి ‘ఇలాగే కావాలి’ అంటే నష్టపోతారు. మన తీరంలో వంటగదికి ఉప్పుగాలి, తేమ, పోపు మూడూ ఒకేసారి తగులుతాయి. జాబితాలో ఉప్పుగాలి మాట ఒక్కచోట వచ్చింది, అదీ తప్పుగా. మిగతా రెండింటి ఊసే లేదు.

‘స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదు’

పడుతుంది. స్టీలులోని క్రోమియం గాలి తగిలినప్పుడు కంటికి కనబడని పలుచని పొర కడుతుంది. స్టీలును కాపాడేది ఆ పొరే. సముద్రపు ఉప్పులోని క్లోరైడు దాన్ని చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. మొదట టీ ఒలికినట్టు గోధుమరంగు మరకలు కనిపిస్తాయి, తర్వాత సూదిమొనంత గుంటలు పడతాయి.

ఎంత త్వరగా పడతాయన్నది గ్రేడును బట్టి ఉంటుంది. చౌక హ్యాండిళ్లూ హింజులూ ఎక్కువగా 202 గ్రేడు. అందులో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది. క్లోరైడుకు ఎదురు నిలిచే బలం దానిదే. షాపులో అయస్కాంతం పెట్టి ‘చూడండి, అంటుకోలేదు, 304’ అంటారు. 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు, కాబట్టి ఆ పరీక్ష ఈ రెండింటినీ విడదీయలేదు. ఒక చుక్క వేసి రంగు మార్పు చూసే పరీక్ష ద్రావకాలు దొరుకుతాయి. అది కుదరకపోతే కనీసం బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

సముద్రం వైపు కిటికీ ఉన్న వంటగదిలో ఆ కిటికీ పక్క షట్టర్లకు, అంటే కప్‌బోర్డు తలుపులకు, 316 హ్యాండిళ్లు వాడండి, లేదా హ్యాండిలే లేకుండా షట్టరు పై అంచులో వేలు పట్టే గాడి తీయించండి. తుప్పు పట్టడానికి అక్కడ ఇక ఏమీ ఉండదు. లోపలి హింజులకు 304 సరిపోతుంది. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే ఉంది: హింజు 304ది కొని, దాన్ని మామూలు ఇనుప స్క్రూలతో బిగిస్తారు. రెండు వేర్వేరు లోహాలు తడిలో తగులుకుని ఉంటే బలహీనమైనది ఇంకా త్వరగా తినుకుపోతుంది. తెల్ల షట్టరు మీద కారిన ఎర్ర చార హింజుది కాదు, ఆ స్క్రూది. స్క్రూలు కూడా 304వే అడగండి.

జింకు మిశ్రమం మీద బంగారు రంగు పూత పూసిన హ్యాండిళ్లకు దూరంగా ఉండండి. పూత కింద ఉప్పు చేరి బుడగలు లేస్తాయి. గట్టి ఇత్తడి అయితే చిలుము పడుతుంది కానీ ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు. చింతపండుతో తోమితే మళ్లీ మెరుస్తుంది.

ఏ గ్రేడైనా వారానికోసారి మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. బ్లీచింగ్ నీళ్లు తగలనివ్వకండి, అందులోనూ క్లోరైడు ఉంటుంది. ఇనుప పీచుతో రుద్దకండి. దాని తునకలు స్టీలులో ఇరుక్కుని అవే తుప్పు పడతాయి.

‘తెల్ల మార్బుల్ గట్టు లేనిదే తీరపు అందం రాదు’

మార్బుల్ కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే కరుగుతుంది. చారుకు చింతపండు పిసికే చోట, నిమ్మకాయ కోసే చోట, పెరుగు ఒలికే చోట మెరుపు పోయి గరుకు మచ్చలు పడతాయి. అది అంటిన మరక కాదు, రాయి పైపొర కరిగిపోయిన చోటు. అందుకే తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాలి. ‘సీలర్ (రాయి మీద పూసే రక్షణ పూత) వేస్తే చాలు’ అన్నది అర్ధసత్యం. సీలర్ నూనె, పసుపు లోపలికి ఇంకకుండా ఆలస్యం చేస్తుందే గానీ పులుపు రాయిని కరిగించడాన్ని ఆపదు. తాండూరు రాయి కూడా సున్నపురాయే కాబట్టి గట్టుకు దానిదీ అదే గతి.

సముద్రపు రంగు కావాలంటే శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు తవ్వే నీలి గ్రానైట్ చూడండి. బూడిద కలిసిన నీలం, మధ్యలో మెరిసే గింజలు. ఏ తెల్ల రాయీ ఇవ్వని లోతు దానిలో ఉంటుంది, పులుపుకు చెక్కుచెదరదు. ఏ రాయి అయినా కొనేముందు నమూనా ముక్క అడిగి తెచ్చుకుని, దాని మీద నిమ్మచెక్క పిండి రాత్రంతా వదిలేయండి. పొద్దున కడిగితే మచ్చ కనబడకూడదు. మందం 18 నుంచి 20 మి.మీ. ఉండాలి. ముందు అంచు షట్టర్ల కంటే 25 మి.మీ. బయటికి రావాలి, ఆ అంచు అడుగున సన్నని నీటిగాడి కోయించాలి. గాడి లేకపోతే గట్టు మీద నీళ్లు రాయి అడుగునే పాకి షట్టర్ల తల మీదికి దిగుతాయి. సింకు కింద చెక్క ఉబ్బడానికి సగం కారణం అదే.

క్వార్ట్జ్ పలకలు మార్బుల్‌లా కనిపిస్తాయి, పులుపును తట్టుకుంటాయి. అయితే అందులో రాతి పొడిని పట్టి ఉంచేది రెజిన్ అనే జిగురు. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే పసుపెక్కుతుంది, ఒక్కోసారి పగులుతుంది. స్టవ్‌కు రెండు పక్కలా గ్రానైట్ ఉంచి మిగతాచోట క్వార్ట్జ్ వేయడం తెలివైన పని.

పసుపు గురించి ఒక మాట. పసుపు మరక మీద సబ్బో, వంట సోడానో రుద్దితే ఎర్రబడుతుంది. క్షారం తగిలితే పసుపు కుంకుమరంగుకు తిరుగుతుంది, అంతే, కంగారు పడక్కర్లేదు. బాగా కడిగి, ఎండ తగిలే చోటైతే కిటికీ తెరిచి ఉంచండి. ఎండకు పసుపు రంగు వెలిసిపోతుంది.

‘పై కప్‌బోర్డులు తీసేసి ఓపెన్ షెల్ఫులు పెట్టండి’

చూడ్డానికి అన్నిటికంటే ఆశ పుట్టించేదీ, వాడకంలో అన్నిటికంటే త్వరగా విసుగెత్తించేదీ ఇదే. ఆవాలు చిటపటలాడిన ప్రతిసారీ సన్నని నూనె తుంపర గాలిలోకి లేస్తుంది. తేమ ఎక్కువున్న గదిలో అది గిన్నెల మీద వాలి, దాని మీద ఉప్పూ దుమ్మూ అంటుకుని, జిగురుగా గట్టిపడుతుంది. పది రోజులు ముట్టని స్టీలు డబ్బా మూత మీద వేలితో గీస్తే తెలుస్తుంది.

అయినా ఓపెన్ షెల్ఫు అసలే వద్దనక్కర్లేదు. ఒకటి, మహా అయితే రెండు. సింకు ఉన్న గోడ మీద, స్టవ్ అంచుకు కనీసం 900 మి.మీ. దూరంలో పెట్టండి. దాని మీద రోజూ వాడి రోజూ కడిగేవే ఉండాలి: కంచాలు, గ్లాసులు, కాఫీ కప్పులు. అప్పుడు జిడ్డు పేరుకునే అవకాశమే ఉండదు. లోతు 200 నుంచి 250 మి.మీ. చాలు. అంతకంటే లోతు ఉంటే వెనక వరుస మొదలవుతుంది, వెనక వరుస కడగడం ఎవరికీ గుర్తుండదు. గట్టుకూ షెల్ఫుకూ మధ్య 450 మి.మీ. వదలండి. ప్రతి 600 మి.మీ.కి ఒక బ్రాకెట్, దాని ఫాస్టనర్ ఇటుక గోడలోకి కనీసం 50 మి.మీ. దిగాలి. టైలు, ప్లాస్టరు మందం ఆ 50లో లెక్కలోకి రాదు.

మిగతావన్నీ మూసిన అరల్లోనే. బరువుగా కనిపించకూడదనుకుంటే షట్టర్లలో చారల గాజు పెట్టించండి. గాజు వెలుతురును తిప్పి ఇస్తుంది, జిడ్డు పట్టినా ఒక్క తుడుపుతో పోతుంది. ఆవకాయ, మాగాయ జాడీలు ఎంత అందంగా ఉన్నా మూసిన అరలోనే ఉండాలి. వాటికి వెలుతురూ తేమా రెండూ పడవు.

ఏ అమరికైనా నిలిచేది చిమ్నీ సరిగ్గా ఉంటేనే. గ్యాస్ స్టవ్ పైన 650 నుంచి 750 మి.మీ. ఎత్తులో ఉండాలి. గొట్టం 150 మి.మీ. వ్యాసం తగ్గకూడదు, వంపులు ఒకటి రెండుకు మించకూడదు. గొట్టం నోరు సముద్రం వైపు గోడలోంచి బయటికి పెడితే సాయంత్రపు గాలి పొగను వెనక్కి తోస్తుంది. పక్క గోడకు మళ్లించండి. అది సాధ్యం కాకపోతే వెనక్కి మూసుకునే రెక్క, వాన పడకుండా పైన టోపీ పెట్టించండి.

‘మొత్తం తెలుపే తీరం’

మన తీరంలో పాత ఇళ్ల తెలుపు సున్నానిది. సంక్రాంతి ముందు ఏటా మళ్లీ వేసేవారు. జిడ్డు పట్టేలోపు కొత్త పూత పడేది కాబట్టే అది తెల్లగా ఉండేది. ఐదారేళ్లు కదిలించకూడదనుకునే పెయింటుకు ఆ భారం మోపితే మోయలేదు.

తెలుపును ఎత్తుకు పంపండి: కప్పు, తలపైన గోడ. స్టవ్ వెనక గట్టు నుంచి చిమ్నీ దాకా మెరుపు గ్లేజు టైల్స్ వేయించండి, లేత సముద్రపచ్చ అయితే చక్కగా కుదురుతుంది. మ్యాట్ టైలు ఫొటోలో బాగుంటుంది గానీ నూనెను పట్టుకుంటుంది. సందులు 2 మి.మీ., నింపేది ఎపాక్సీ గ్రౌట్. సిమెంటు గ్రౌట్ పసుపును పీల్చుకుంటుంది. ఎపాక్సీ నింపాక టైలు మీది పలుచని పొరను గట్టిపడకముందే తుడిచేయాలి, తర్వాత అది అసలు వదలదు. కింది షట్టర్లకు ఇసుక రంగో, నీలి బూడిదో ఎంచుకోండి. తెల్ల చెక్కపలకల గోడ స్టవ్ దరిదాపుల్లో వద్దు, పలకల మధ్య ప్రతి గాడీ నూనె కాలువ అవుతుంది.

గోడకు చౌడు ఉంటే ఏ రంగూ నిలవదు. గోడలోని ఉప్పు నీటితో పైకి వచ్చి, నీరు ఆరాక గడ్డకట్టి పెయింటును తోసేస్తుంది. ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి 24 గంటలు ఉంచండి. తీసినప్పుడు గోడ వైపు నీటి బిందువులు ఉంటే లోపల తడి ఉన్నట్టే. ముందు ఆ తడి ఎక్కడిదో పట్టుకోవాలి, సాధారణంగా సింకు పైపో, పక్కనున్న బాత్రూమో. తర్వాత ఊడిన లప్పం గీకి, చౌడును పొడి బ్రష్‌తో దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. గోడ పూర్తిగా ఆరాక వైట్ సిమెంటు పుట్టీ, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్, ఆపైన రంగు.

‘మెరైన్ ప్లై అయితే జీవితాంతం’

మెరైన్ ప్లైకి భారత ప్రమాణమైన ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ 72 గంటలు నీటిలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. ఆ పరీక్ష చెప్పేది పొరల మధ్య జిగురు గురించి. కోసిన అంచుల్లోంచి చెక్క నీరు తాగడాన్ని అది ఆపదు. సింకు కోసిన చోటా, పైపు రంధ్రాల చుట్టూ, వెనక పలక అంచులకూ రెండు పూతలు ఎపాక్సీ గానీ పీయూ (పాలీయురెథేన్) వార్నిష్ గానీ పూయించండి. కనబడే అంచులకు 2 మి.మీ. ఎడ్జ్ బ్యాండ్ (అంచును మూసే పట్టీ). కింది పెట్టెలు నేలకు తగలకుండా 100 మి.మీ. పీవీసీ కాళ్ల మీద నిలబెట్టండి. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును జిగురుతో అదిమిన పలక) మాత్రం తీరంలో వంటగదికి తేవద్దు.

‘తాళ్లు, చాపలు, గవ్వలు, పగడాలు’

జనపనార గాలిలోని తేమను విపరీతంగా పీలుస్తుంది. మామూలు వాతావరణంలోనే దాని బరువుకు 13 శాతానికి పైగా నీరు పట్టుకుంటుంది. శ్రావణ భాద్రపదాల్లో బూజు పట్టి వాసన వేస్తుంది. సింకు ముందు జనపనార చాప అంటే బూజును పెంచుకోవడమే. నారతో పని ఉంటే కోనసీమ కొబ్బరి పీచు పట్ట గుమ్మం దగ్గర వేయండి. పీచు ఉప్పునీటికి జనపనారలా కుళ్లిపోదు.

పగడాల సంగతి రుచికి సంబంధించింది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి పగడపు దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ పగడాలు) రక్షిత జీవులు. నాటిలస్ వంటి కొన్ని గవ్వలకూ ఆ రక్షణ ఉంది. అమ్మినా, కొన్నా నేరమే. అలంకరణ కోసం పగడం తెమ్మని రాయడం బాధ్యత లేని సలహా.

తీరం మన గదిలోకి రావడానికి మన తీరపు చేతిపనులే ఉన్నాయి. నరసాపురం నూలు లేసు కిటికీ తెరగా చక్కగా వేలాడుతుంది, వేడినీళ్లలో ఉతకొచ్చు. స్టవ్ వైపు కిటికీకి మాత్రం వద్దు. ఏటికొప్పాక లక్క వస్తువులు కూడా పొయ్యికి దూరంగానే ఉంచాలి, వేడికి లక్క మెత్తబడుతుంది.

‘ఒక్క శని, ఆదివారాల్లో’

కొత్త ప్లాస్టరు వేసి ఉంటే పెయింటుకు ముందు 28 రోజులు ఆగాలి. పాత గోడైనా సోడా కలిపిన వేడినీళ్లతో జిడ్డు కడిగి ఆరబెట్టడానికే ఒక రోజు పడుతుంది. పుట్టీ రెండు చేతులు (పూతలు), గరుకు కాగితం, ప్రైమర్ ఒక చెయ్యి, ఎమల్షన్ రెండు చేతులు, ప్రతి చెయ్యికీ మధ్య ఆరే సమయం. వానాకాలంలో ఆ సమయం రెట్టింపు. పని వరుస కూడా తప్పకూడదు: ముందు ప్లంబింగు, తడి మరమ్మతు, తర్వాత గట్టు, టైల్స్, గ్రౌట్, ఆపైన పెయింటు, చివర షట్టర్లు. షట్టర్లు ముందే బిగిస్తే రాయి కోసే దుమ్ము హింజుల్లో చేరుతుంది. ఎపాక్సీ గ్రౌట్ నింపిన 24 గంటల దాకా ఆ గోడ ముందు స్టవ్ వెలిగించకండి. మాఘ, ఫాల్గుణాల్లో పెట్టుకుంటే గాలి పొడిగా ఉంటుంది, కొత్త ప్లాస్టరు లేకపోతే రెండు వారాల్లో పూర్తవుతుంది.