ర్యాలీని చూపించారు, దాని వెనక జరిగిన పనిని చూపించలేదు

అబార్షన్ హక్కు ఆడవాళ్లకు ఉండాలనే పక్షం నాది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేది చదివి "ఇంతకీ నువ్వు ఎటువైపు?" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ పక్షాన ఉండే చెప్తున్నాను, అబార్షన్ వద్దంటూ రోడ్డెక్కినవాళ్లను అమెరికా పెద్ద మీడియా యాభై ఏళ్లపాటు సరిగ్గా చూడలేదు, చూపించలేదు. దానివల్ల ర్యాలీలో నడిచినవాళ్లకు జరిగిన నష్టం కొంతే. ఆ హక్కు ఎక్కడికీ పోదని నమ్మి నిశ్చింతగా ఉండిపోయిన ఆడవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ నష్టపోయారు.

1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు రో వర్సెస్ వేడ్ కేసులో అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. సరిగ్గా ఏడాదికి నెల్లీ గ్రే అనే లాయర్ పూనుకుని వాషింగ్టన్‌లో అబార్షన్ వద్దంటూ 'మార్చ్ ఫర్ లైఫ్' అనే ర్యాలీ మొదలుపెట్టారు. అప్పటినుంచి జనవరి వచ్చిందంటే, ఎముకలు కొరికే చలిలో, వాషింగ్టన్ నడిబొడ్డున ఉన్న నేషనల్ మాల్ అనే పెద్ద మైదానం నుంచి సుప్రీంకోర్టు దాకా జనం నడుస్తూనే ఉన్నారు. కెంటకీ నుంచి, ఒహాయో నుంచి క్యాథలిక్ స్కూళ్ల పిల్లలు రాత్రంతా బస్సుల్లో కూర్చుని వస్తారు. సిస్టర్లు, ఫాదర్లు, చంకలో పసిపిల్లలతో తల్లిదండ్రులు వస్తారు. వాళ్లు కోరేది నాకు నచ్చదు. కానీ ఇన్నేళ్లు పట్టు వదలకుండా ఒకే కోర్టు గుమ్మం ముందుకు వచ్చి నిలబడటం మామూలు విషయం కాదు. అది వార్త. పెద్ద వార్త.

మరి ఆ వార్త ఎలా వచ్చేది? 1989 ఏప్రిల్‌లో అబార్షన్ హక్కు కోసం వాషింగ్టన్‌లో భారీ ర్యాలీ జరిగింది. దాన్ని పేపర్లు నెత్తిన పెట్టుకున్నాయి. న్యూయార్క్ టైమ్స్‌కు సుప్రీంకోర్టు వార్తలు రాసే లిండా గ్రీన్‌హౌస్ స్వయంగా అందులో నడిచారు, ఆఫీసులో చీవాట్లు తిన్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అదే ఊళ్లో అవతలి పక్షం పెద్ద ర్యాలీ పెడితే వాషింగ్టన్ పోస్ట్ దాన్ని మన జిల్లా ఎడిషన్ లాంటి లోకల్ పేజీల్లోకి నెట్టేసింది. పాఠకులు మండిపడ్డారు, పాఠకుల ఫిర్యాదులు చూడటానికి ఆ పేపరే పెట్టుకున్న ఆంబుడ్స్‌మన్ కూడా తప్పుపట్టారు. అదే ఏడాది జూలైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో డేవిడ్ షా అనే రిపోర్టర్ నాలుగు భాగాల సిరీస్ రాసి, అబార్షన్ వార్తల్లో న్యూస్‌రూముల మొగ్గు ఎటు ఉందో ఉదాహరణలతో సహా బయటపెట్టారు. అంటే ఈ లోపం ఎవరికీ తెలియక కొనసాగింది కాదు. తెలిసీ కొనసాగింది.

జనం లెక్క సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు నేషనల్ మాల్‌లో ఎంతమంది పోగయ్యారో ఆ మైదానాన్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్ సర్వీస్ అధికారులే చెప్పేవాళ్లు. 1995లో నల్లజాతి మగవాళ్ల ర్యాలీ 'మిలియన్ మ్యాన్ మార్చ్'కు వచ్చింది నాలుగు లక్షలని వాళ్లు అంటే, నిర్వాహకులు కోర్టుకు వెళ్తామన్నారు. ఆ గొడవ తర్వాత కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఈ లెక్కింపుకు డబ్బులు ఆపేసింది. ఇక ఎవరి ర్యాలీకి ఎంతమంది వచ్చారో చెప్పే అధికారిక సంఖ్యే లేదు. నిర్వాహకులు లక్షలంటారు, రిపోర్టర్ 'వేలాది మంది' అని రాసి ఊరుకుంటాడు. పైనుంచి తీసిన ఫొటోలతో, మెట్రో రైలు ప్రయాణికుల సంఖ్యతో ఒక అంచనాకు రావచ్చు. ఆ కష్టం ఎవరు పడతారు?

2019 జనవరి 18న జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మార్చ్ అయిపోయాక లింకన్ మెమోరియల్ దగ్గర బస్సు కోసం ఎదురుచూస్తున్న కెంటకీ స్కూలు కుర్రాళ్లకు, నేథన్ ఫిలిప్స్ అనే నేటివ్ అమెరికన్ పెద్దాయన డప్పు వాయిస్తూ ఎదురయ్యారు. ఒక కుర్రాడు ట్రంప్ టోపీ పెట్టుకుని ఆయన ఎదురుగా నిలబడి నవ్వుతున్న చిన్న క్లిప్ తెల్లారేసరికి దేశమంతా పాకింది. పెద్దాయనను చుట్టుముట్టి వెక్కిరించారని పెద్ద పెద్ద సంస్థలే రాసేశాయి. తర్వాత పొడవాటి వీడియో బయటికొచ్చింది. అంతకుముందు ఇంకో గుంపు ఈ పిల్లలను చాలాసేపు బూతులు తిట్టిందని, ఫిలిప్సే నడుచుకుంటూ వీళ్ల మధ్యలోకి వచ్చారని అందులో కనిపించింది. ఆ కుర్రాడి తరఫున కోట్ల డాలర్లకు దావాలు పడ్డాయి. సీఎన్ఎన్, వాషింగ్టన్ పోస్ట్, ఎన్‌బీసీ ఒక్కొక్కటే రాజీకొచ్చాయి. ఇంత రభసలో అసలు ఆ రోజు వాళ్లంతా ఎందుకు వచ్చారో, వేదిక మీద ఎవరేం మాట్లాడారో జనంలో ఎందరికి చేరింది? మైనారిటీ కూడా తీరని పిల్లాడి నవ్వే ఆ ఏడాది మార్చ్‌కు ముఖచిత్రం అయిపోయింది.

పెద్ద మీడియా ఇలా ఉంటే, ఈడబ్ల్యూటీఎన్ అనే క్యాథలిక్ ఛానల్ మార్చ్‌ను ఏటా గంటల తరబడి లైవ్ ఇస్తుంది. ఒక ఇంట్లో అది సంవత్సరమంతా ఎదురుచూసే రోజు, పక్కింట్లో రెండు నిమిషాల క్లిప్.

ఆ రెండు నిమిషాల్లో రానిదేమిటంటే పని. ర్యాలీ అయ్యాక వాళ్లు ఇళ్లకు పోయి పడుకోలేదు. రాష్ట్రాల అసెంబ్లీల్లో బిల్లులు పెట్టించారు. తమకు అనుకూలమైన జడ్జిలు వచ్చేదాకా ఓట్లేస్తూ పోయారు. 2018లో మిసిసిపీ 15 వారాల తర్వాత అబార్షన్‌ను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు ఆ రాష్ట్రం మొత్తానికీ మిగిలింది ఒకే ఒక్క క్లినిక్. ఆ క్లినిక్ వేసిన కేసే సుప్రీంకోర్టుకు చేరి, 2022 జూన్ 24న రో తీర్పును కూల్చేసింది. టీవీల్లో అందరూ నిర్ఘాంతపోయారు. యాభై ఏళ్లుగా మీ ఆఫీసుల ముందునుంచే నడుచుకుంటూ వెళ్లి "మేం చేయబోయేది ఇదే" అని చెప్పినవాళ్లను చూసి ఇప్పుడు నిర్ఘాంతపోవడమేంటి?

పోనీ, అప్పుడైనా జనాన్ని చదవడం నేర్చుకున్నారా? తీర్పు వచ్చిన ఆరు వారాలకు, రిపబ్లికన్ల కంచుకోట కాన్సస్‌లో, అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలోంచి తీసేద్దామన్న ప్రతిపాదనను దాదాపు 59 శాతం ఓటర్లు తిప్పికొట్టారు. మళ్లీ ఆశ్చర్యపోయారు. ర్యాలీలో అరిచేవాళ్లు, ఎదురుగా నిలబడి అరిచేవాళ్లు కెమెరాకు కావాలి. ఇంట్లో కూర్చుని ఆలోచించి, ఓటేసి వచ్చే ఆవిడ ఎవరికీ అక్కర్లేదు.

క్లినిక్ గేటు దగ్గర రోజూ జరిగే ప్రదర్శనలైతే వార్తే కావు, ఏదైనా ఘోరం జరిగితే తప్ప. 1993లో ఫ్లోరిడాలోని పెన్సకోలాలో ఇలాంటి నిరసన జరుగుతుండగానే డాక్టర్ డేవిడ్ గన్‌ను కాల్చి చంపారు. మరుసటి ఏడాది, క్లినిక్‌కు వచ్చేవాళ్లను అడ్డుకుంటే నేరమని ఫెడరల్ చట్టం వచ్చింది. ఆ హంతకుడినీ, జపమాల పట్టుకుని వాషింగ్టన్‌లో నడిచే ముసలావిడనీ ఒకే గాటన కట్టకూడదు. అలాగని, గేటు దాటి లోపలికి వెళ్లే అమ్మాయి మీద పడే అరుపులను 'శాంతియుత ప్రార్థన' అని సరిపెట్టడమూ తప్పే. రెండూ వేర్వేరని చెప్పాలంటే రిపోర్టర్ అక్కడ రోజుల తరబడి నిలబడాలి.

ఇక మన తెలుగు మీడియా. 2024 ఎన్నికల్లో ట్రంప్ తరఫున ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జేడీ వాన్స్ 'ఆంధ్రా అల్లుడు' అయిపోయారు. ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరని పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరుకు కెమెరాలు పరిగెత్తాయి. 2025 జనవరి 20న ట్రంప్ అధికారంలోకి రాగానే, వీసాల మీద ఉన్నవాళ్లకు పుట్టే పిల్లలకు పౌరసత్వం ఇవ్వబోమని ఆర్డర్ వేశారు. ఆ ఆర్డర్ అమలుకు పెట్టిన గడువు లోపే సిజేరియన్ చేయించుకోవాలని మనవాళ్లు డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నారని ఇక్కడ ఒకటే వార్తలు. ఆ టెన్షన్ నిజమే, చూపించాల్సిందే. అదే వారం, 23న, క్లినిక్‌లను అడ్డుకున్న కేసుల్లో శిక్షపడిన 23 మందికి ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. 24న మార్చ్ ఫర్ లైఫ్ వేదికెక్కి, అమెరికాలో ఇంకా ఎక్కువమంది పిల్లలు పుట్టాలని అన్నది మన అల్లుడుగారే. వీసావాళ్ల పిల్లలకు పౌరసత్వం లేదనడం, ఇంకా పిల్లలు పుట్టాలనడం, నాలుగు రోజుల తేడాలో ఒకే ప్రభుత్వం నుంచి వచ్చిన ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి అడిగిన తెలుగు ఛానల్ నాకు ఒక్కటీ కనిపించలేదు.

మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది. అలాంటి అమ్మాయిలు వేలమంది. ఇక్కడ మన దేశంలో అబార్షన్‌ను అనుమతించే చట్టం 1971 నుంచి ఉంది, 2021 సవరణతో కొన్ని సందర్భాల్లో 24 వారాల దాకా అనుమతి ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఏదైనా తేడా వస్తే డాక్టరమ్మ చూసుకుంటుందనే ధైర్యంతో పెరిగినవాళ్లు వీళ్లు. టెక్సస్‌లో అబార్షన్ చేసిన డాక్టర్‌కు జీవితఖైదు దాకా పడొచ్చు. గర్భం పోతున్నా డాక్టర్లు భయపడి చికిత్స ఆలస్యం చేయడంతో చనిపోయిన ఆడవాళ్ల గురించి ప్రోపబ్లికా అనే అమెరికా వార్తాసంస్థ 2024లో పేజీలకు పేజీలు రాసింది. మెడికల్ రికార్డులు ముందేసుకుని చేసిన పని అది. ఆ కథనాల సారాన్ని తెలుగులో చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి?

అక్కడ తెలుగు గైనకాలజిస్టులకు కొదవలేదు. ఒక్కరిని పిలిచి అరగంట మాట్లాడించండి. బ్లీడింగ్ అవుతుంటే ఏ ఆస్పత్రికి పోవాలి, బిడ్డ బతకదని స్కానింగ్‌లో తేలితే న్యూ మెక్సికో వెళ్లాలా, కాన్సస్ వెళ్లాలా, ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని అడగండి. ఈసారి మార్చ్ జరిగినప్పుడు ప్లకార్డుల ఫొటోతో సరిపెట్టకుండా, వేదిక మీద ఏ చట్టం కావాలన్నారో, అది ఏ రాష్ట్రంలో బిల్లుగా ఉందో రాయండి.