పుల్లరి కట్టని ఆవులు

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ భూమి దాదాపు 64 కోట్ల ఎకరాలు. నెవాడా రాష్ట్రంలోనైతే నూటికి 80 వంతులు కేంద్రానిదే. ఇంత భూమిని అక్కడి సర్కారు ఎంత ధర్మంగా ఏలుతోందో తెలియాలంటే ఆవుల్ని అడగాలి.

ఆ బీళ్ళలో ఆవూ దూడా కలిసి నెలంతా మేస్తే 2019 నుంచి 2025 దాకా పుల్లరి 1.35 డాలర్లు. ఆ ఏడేళ్ళూ ఒక్క సెంటు పెంచలేదు. అదే కేంద్రానిదైన గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి కారేసుకెళ్ళే మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు మాత్రం గేటు దగ్గర 35 డాలర్లు కడతారు, అదీ వారానికే. గడ్డి ముట్టకపోయినా సరే.

ఆ కాస్త పుల్లరి కూడా కట్టనన్న ఆసామి, నెవాడాలో ఆవులు మేపుకునే క్లైవెన్ బండీ. 1993లో మానేశాడు. 1877 నుంచి మా పెద్దలు మేపుకున్న నేల, మధ్యలో కేంద్రం ఎవరని ఆయన వాదన. కోర్టులు ఒప్పుకోలేదు. బకాయిలు, జరిమానాలు కలిసి పది లక్షల డాలర్లు దాటాయి. 2014 ఏప్రిల్‌లో అధికారులు ఆవుల్ని తోలుకుపోబోతే ఆయన తరఫున తుపాకులతో జనం దిగారు. అధికారులు పట్టుకున్న ఆవుల్ని వదిలేసి వెళ్ళిపోయారు. ప్రాసిక్యూటర్లు సాక్ష్యాలు దాచారని 2018లో జడ్జి ఏకంగా బండీ మీది కేసే కొట్టేశారు. పుల్లరి కట్టనన్నందుకే 1922లో మన పల్నాడులో కన్నెగంటి హనుమంతు తూటాలకు బలయ్యాడు. తుపాకులు ఎదురుగా కాదు, వెనక ఉండాలన్న కిటుకు ఆయనకెవరూ చెప్పలేదు పాపం.

అలాగని అమెరికా సర్కారు చేతకానిదనుకోకండి. అదే నెవాడాలో మేరీ డాన్, క్యారీ డాన్ అని అక్కచెల్లెళ్ళు ఉండేవారు. వెస్టర్న్ షోషోనీ తెగవాళ్ళు. వాళ్ళూ పుల్లరి కట్టం పొమ్మన్నారు. కాకపోతే వీళ్ళ చేతిలో 1863 నాటి రూబీ వ్యాలీ ఒప్పందం ఉంది. తెగ తన భూమిని వదులుకున్నట్టు అందులో ఎక్కడా లేదు. చిక్కే! అందుకని సర్కారే ఆ నేలకు 1872 నాటి రేటు కట్టి, 2.6 కోట్ల డాలర్లని తేల్చింది. మాకొద్దు పొమ్మంది తెగ. 1979లో ఆ సొమ్మును తెగ పేరు మీద సర్కారు ఖజానాలోనే జమ చేశారు. జమ అయింది కాబట్టి తెగకు డబ్బు ముట్టినట్టేనని 1985లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎడమ జేబులోది కుడి జేబులో వేసుకుని, పక్కవాడికి ముట్టిందని రసీదు రాసుకోవడమన్నమాట. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌కి ఈ పద్ధతి చెల్లుతుందేమో కనుక్కుంటున్నాను.

2002లో అధికారులు వచ్చి ఆ అక్కచెల్లెళ్ళ ఆవుల్ని రెండు వందలకు పైగా తోలుకెళ్ళి వేలం వేశారు. ఇక్కడ మాత్రం వదిలేసి వెళ్ళలేదు.

బండీ ఆవులు తిరిగే గోల్డ్ బ్యూట్‌ను 2016లో ఒబామా జాతీయ స్మారకంగా ప్రకటించారు, ఆ ఎడారిని కాపాడాలని. తుపాకుల గొడవ జరిగి పదేళ్ళయినా ఆ ఆవులు అక్కడే మేస్తున్నాయి. వాటిని 35 డాలర్లు అడిగినవాళ్ళు లేరు.